పీటీహెచ్ కాల్షియాన్ని కిడ్నీలో ఆపేస్తుంటే, అది ఎక్కువైనవాళ్లకి రాళ్లెందుకు వస్తాయి?

మెడికో_కాకినాడ

అందరికీ నమస్కారం. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కిడ్నీ ఫిజియాలజీలో ఒకచోట ఆగిపోయాను, ఎంత చదివినా ముడి వీడటం లేదు.

పారాథైరాయిడ్ హార్మోన్, అదే పీటీహెచ్, కాల్షియాన్ని మూత్రంలోకి పోనివ్వకుండా తిరిగి రక్తంలోకి పంపుతుందని రీనల్ చాప్టర్లో ఉంది. సరే అనుకున్నా. ఎండోక్రైన్ చాప్టర్‌కి వచ్చేసరికి, పారాథైరాయిడ్ గ్రంథిలో గడ్డ వచ్చి పీటీహెచ్ ఎక్కువైనవాళ్లకి మూత్రంలో కాల్షియం పెరిగి కిడ్నీలో రాళ్లు వస్తాయని రాశారు. కాల్షియాన్ని ఆపే హార్మోన్ ఎక్కువైతే మూత్రంలో కాల్షియం తగ్గాలి కదా?

ఇంకోటి. పీటీహెచ్ అసలే లేనివాళ్లకి మందులు వాడేటప్పుడు కూడా మూత్రంలో కాల్షియం పెరుగుతుందట. హార్మోన్ ఎక్కువైనా పెరుగుతుంది, లేకపోయినా పెరుగుతుంది. ఇదెలా కుదురుతుంది? వైవా దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. బట్టీ పట్టి ఒప్పజెప్పడం నాకు ఇష్టం లేదు. ఎవరైనా మొదటినుంచి విడమరిచి చెప్తారా?

ఫిజియాలజీ_టీచర్

బట్టీ వద్దన్నావు చూడు బాబూ, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పీటీహెచ్ పేరు కాసేపు పక్కన పెట్టు. ముందు లెక్క చూద్దాం.

రక్తంలో కాల్షియం డెసిలీటరుకి 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. లెక్క సులువుగా ఉండటానికి 10 అనుకో. ఇందులో 40 శాతం దాకా అల్బుమిన్ లాంటి ప్రొటీన్లని పట్టుకుని ఉంటుంది కాబట్టి కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడ, అదే గ్లోమెరులస్‌లో వడకట్టుకుని కిందికి దిగదు. దిగేది మిగతా 6 మిల్లీగ్రాములే. రోజుకి 180 లీటర్ల ద్రవం వడపోతలో దిగుతుంది. లీటరుకి 60 చొప్పున 180 లీటర్లకి 10,800 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 11 గ్రాములు.

ఇప్పుడు ఇది గమనించు. కణాల బయట ఉన్న ద్రవం మొత్తంలో, రక్తం కూడా కలుపుకుని, ఉండే కాల్షియమే ఒక గ్రాము చిల్లర. అంటే ఆ మొత్తాన్నీ కిడ్నీ రోజుకి పదిసార్లు బయటికి తీసి, మళ్లీ లోపలికి వేసుకుంటోంది. చివరికి మూత్రంలో పోయేది 100 నుంచి 300 మిల్లీగ్రాములు. 98 శాతం పైనే వెనక్కి వచ్చేస్తుంది. ఈ 98 అన్నది 97 అయినా, 99 అయినా ఎంత తేడా వస్తుందో వేసి చూడు. ఒక్క శాతం అటూఇటూ అయితే మూత్రంలో 108 మిల్లీగ్రాముల తేడా!

వెనక్కి రావడం మూడు చోట్ల జరుగుతుంది. వడకట్టిన ద్రవం పారే గొట్టంలో మొదటి భాగమైన ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో 65 శాతం దాకా. సోడియం, నీళ్లు వెనక్కి వెళ్తుంటే వాటి వెంటే కణాల సందుల్లోంచి వెళ్లిపోతుంది. అక్కడ క్లాడిన్-2 అనే ప్రొటీన్ ఆ సందుకి దారి. ఇక్కడ కాల్షియం కోసమని ప్రత్యేకంగా పనిచేసే హార్మోన్ పెద్దగా లేదు. తర్వాత హెన్లీ లూప్‌లో పైకి లేచే మందపాటి భాగం, మనం టీఏఎల్ అంటాం. ఇక్కడ 20 నుంచి 25 శాతం. ఇదీ సందుల్లోంచే, కాకపోతే కారణం వేరు. ఎన్‌కేసీసీ2 పంపు సోడియం, పొటాషియం, క్లోరైడ్‌ని లోపలికి తెస్తుంది. అందులో పొటాషియం మళ్లీ గొట్టంలోకే తిరిగి వెళ్తుంది. దాంతో గొట్టం లోపల పాజిటివ్ చార్జి ఏర్పడి కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని క్లాడిన్-16, 19 దారుల్లోంచి తోస్తుంది. మూత్రం ఎక్కువ పోయించే ఫ్యూరోసెమైడ్ మందు ఇస్తే మూత్రంలో కాల్షియం ఎందుకు పెరుగుతుందో ఇక్కడే తెలిసిపోతుంది: పంపు ఆగింది, చార్జి పోయింది, తోసేవాళ్లు లేరు.

మిగిలిన 5 నుంచి 10 శాతం ఆ గొట్టం చివరి భాగమైన డిస్టల్ ట్యూబ్యూల్‌లో, దాని పక్కనే ఉన్న కనెక్టింగ్ ట్యూబ్యూల్‌లో. పీటీహెచ్ ముఖ్యంగా పనిచేసేది అక్కడ.

మెడికో_కాకినాడ

మేడమ్, చాలా థాంక్స్. ఈ లెక్క మాకు క్లాసులో ఎవరూ వేయించలేదు. కానీ 90 శాతం హార్మోన్ ప్రమేయం లేకుండానే అయిపోతే, మిగిలిన ఆ కొంచెం కోసం పీటీహెచ్, విటమిన్ డి ఇంత హడావిడి ఎందుకు?

ఫిజియాలజీ_టీచర్

మాది గోదావరి డెల్టా, అందుకని ఆ మాటే చెప్తాను. కాలవలో ఎంత నీరు పారినా, ఆఖరి తూము దగ్గర లస్కరు తలుపు ఎంత ఎత్తాడన్న దాన్నిబట్టే సముద్రంలోకి ఎంత పోయిందో తేలుతుంది. ఆ తూము డిస్టల్ ట్యూబ్యూల్. దాని తర్వాత కాల్షియాన్ని చెప్పుకోదగ్గంతగా పట్టుకునే చోటు లేదు.

ఇక్కడ కాల్షియం సందుల్లోంచి కాదు, కణం లోపలినుంచే దాటాలి. అది అంత తేలిక కాదు. బయట ఉన్నదానికన్నా కణం లోపల విడి కాల్షియం పదివేల రెట్లు తక్కువ. అది పెరిగితే కణం తట్టుకోలేదు. అందుకే మూడు అంచెల ఏర్పాటు. మూత్రం వైపు గోడలో టీఆర్‌పీవీ5 అనే చానెల్ కాల్షియాన్ని లోపలికి రానిస్తుంది. లోపలికి వచ్చీరాగానే క్యాల్‌బైండిన్ అనే ప్రొటీన్ పట్టేసుకుని, విడిగా తిరగనివ్వకుండా, కణం అవతలి గోడ దాకా మోసుకెళ్తుంది. అక్కడ ఎన్‌సీఎక్స్1, పీఎంసీఏ అనే రెండు పంపులు దాన్ని రక్తం వైపుకి గెంటుతాయి.

పీటీహెచ్ రెండు వేగాల్లో పనిచేస్తుంది. తన రిసెప్టర్‌కి తగలగానే కణంలో కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, ప్రొటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమ్ మేలుకుంటుంది, టీఆర్‌పీవీ5కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అప్పుడు ఆ చానెల్ ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. ఇది నిమిషాల్లో జరిగే పని. హార్మోన్ అలా కొనసాగుతుంటే చానెల్, క్యాల్‌బైండిన్, పంపుల తయారీయే పెరుగుతుంది. దానికి కొంతకాలం పడుతుంది.

కాల్సిట్రయోల్, అంటే పూర్తిగా తయారైన విటమిన్ డి, న్యూక్లియస్‌లోకి వెళ్లి విటమిన్ డి రిసెప్టర్‌ని (వీడీఆర్) పట్టుకుని ఈ ప్రొటీన్లనే ఎక్కువగా తయారుచేయిస్తుంది. ఆ కాల్సిట్రయోల్ తయారయ్యేది ఎక్కడ? మళ్లీ కిడ్నీలోనే, ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో. ఆ తయారీకి కావలసిన ఎంజైమ్, సీవైపీ27బీ1, పెంచేది ఎవరు? పీటీహెచ్. అదే ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో పీటీహెచ్ ఫాస్ఫేట్‌ని మూత్రంలోకి వదిలేయిస్తుంది. కాల్షియాన్ని ఆపి, ఫాస్ఫేట్‌ని పంపేయడం ఎందుకంటే, రెండూ కలిసి పెరిగితే గడ్డకట్టి కండరాల్లో, రక్తనాళాల్లో పేరుకుంటాయి. ఒకే హార్మోన్ రెండు ఖనిజాలని రెండు వైపులకి పంపడం నాకు ఎన్నేళ్లు పాఠం చెప్పినా ముచ్చటగానే ఉంటుంది.

బయోకెమ్_చదువరి

ఈ టీఆర్‌పీవీ5 కథ కొత్తదే. 1999లో నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ బృందం కుందేలు కిడ్నీలోంచి దాన్ని పట్టుకుంది. ఆ తర్వాత 2003లో ఆ జన్యువు లేని ఎలుకల్ని తయారుచేసి చూశారు. వాటి మూత్రంలో కాల్షియం మామూలు ఎలుకలకన్నా ఆరు రెట్లు పోయింది, ఎముకలు పలచబడ్డాయి. ఆ ఎలుకల్లో కాల్సిట్రయోల్ పెరిగి పేగు ఎక్కువ పీల్చుకుంది కాబట్టే రక్తంలో కాల్షియం నిలబడింది. చివరి 5-10 శాతం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మేడమ్, థైరాయిడ్ వదిలే కాల్సిటోనిన్ హార్మోన్ సంగతి కూడా రాయండి. మా పుస్తకంలో దానికి ఒక పేజీ ఉంది.

ఫిజియాలజీ_టీచర్

కాల్సిటోనిన్‌కి అంత సీన్ లేదండీ, నా అభిప్రాయం. మందుగా ఎక్కువ మోతాదులో ఇస్తే ఎముక కరగడం తగ్గుతుంది, మూత్రంలో కాల్షియం పెరుగుతుంది, నిజమే. కానీ థైరాయిడ్ పూర్తిగా తీసేసినవాళ్లకి కాల్సిటోనిన్ దాదాపు ఉండదు, అయినా ఆ కారణంగా వాళ్ల కాల్షియం అదుపు తప్పదు. మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్‌లో అది విపరీతంగా పెరుగుతుంది, అప్పుడూ కాల్షియం సాధారణంగా మామూలుగానే ఉంటుంది. పరీక్షలో రెండు వాక్యాలు చాలు.

విశాఖ_నెఫ్రో_రెసిడెంట్

డ్యూటీ అయ్యాక చూశాను. మేడమ్ పునాది వేశారు, తమ్ముడి అసలు ప్రశ్నకి వస్తాను.

మూత్రంలో కాల్షియం ఎంతుందో ఒక్కటే చూస్తే ఏమీ అర్థం కాదు. రక్తంలో ఎంత ఉన్నప్పుడు మూత్రంలో అంత పోయిందన్నది చూడాలి. మేడమ్ లెక్కనే పొడిగిద్దాం. ఇందులో శాతాలు విషయం అర్థం కావడానికి నేను వేసుకున్నవి.

మామూలు మనిషి: రక్తంలో 10. దిగింది 10,800. రెండు శాతం వదిలితే మూత్రంలో 216 మిల్లీగ్రాములు.

ఇదే మనిషికి నరంలోంచి కాల్షియం ఎక్కించి 12కి తెచ్చామనుకో. దిగేది 12,960. కాల్షియం పెరగగానే పీటీహెచ్ పడిపోతుంది, తూము తలుపు లేస్తుంది. ఐదు శాతం వదిలిందనుకుంటే 648 మిల్లీగ్రాములు.

ఇప్పుడు పారాథైరాయిడ్ గడ్డ ఉన్న మనిషి. రక్తంలో అదే 12, దిగేదీ అదే 12,960. కానీ పీటీహెచ్ ఎక్కువ ఉంది కాబట్టి రెండున్నర శాతమే వదిలింది. మూత్రంలో 324.

ఈ 324ని 216తో పోలిస్తే ఎక్కువ, అందుకే రాళ్లు. 648తో పోలిస్తే సగం, అది పీటీహెచ్ చేసిన పని. నీ రెండు చాప్టర్లూ నిజమే చెప్తున్నాయి.

అసలు విషయం ఇంకా లోతుగా ఉంది, ఇది పట్టుకుంటే వైవాలో నిన్నెవరూ కదపలేరు. పేగులోంచి, ఎముకలోంచి రక్తంలోకి నికరంగా ఎంత కాల్షియం వస్తోందో, అంతా మూత్రంలోకి పోవాల్సిందే. కిడ్నీ దాన్ని ఎంతకాలమని ఆపుతుంది? ఆపితే రక్తంలో లెవెల్ రోజురోజుకీ పెరుగుతూనే పోవాలి. గడ్డ ఉన్నవాళ్లలో పీటీహెచ్ ఎముకని కరిగిస్తుంది, కాల్సిట్రయోల్‌ని పెంచి పేగుచేత ఎక్కువ పీల్చిస్తుంది. వచ్చేది పెరిగింది కాబట్టి పోయేదీ పెరగాలి. అంత కాల్షియం బయటికి పోవాలంటే రక్తంలో లెవెల్ ఎంత దాకా ఎక్కాలి అన్నది మాత్రం కిడ్నీ తేలుస్తుంది. పీటీహెచ్ ఆ గీతని పైకి జరుపుతుంది.

మెడికో_కాకినాడ

అన్నా, ఇప్పుడు బాగా అర్థమైంది. ఒక్క డౌట్. గడ్డ ఉన్నవాళ్లలో పీటీహెచ్ అంత ఎక్కువ ఉన్నా రెండు నుంచి రెండున్నర శాతానికి పెరిగిందన్నావు. ఒకటిన్నరకి తగ్గాలి కదా?

విశాఖ_నెఫ్రో_రెసిడెంట్

మంచి పాయింట్ పట్టుకున్నావు. దానికి జవాబు టీఏఎల్‌లో ఉంది.

1993లో ఆవు పారాథైరాయిడ్ కణాల్లోంచి కాల్షియం సెన్సింగ్ రిసెప్టర్‌ని కనుక్కున్నారు. సీఏఎస్ఆర్ అంటాం. ఇక్కడ ఒక ఖనిజ అయానే స్వయంగా కబురు మోసే పని చేస్తోంది. ఈ రిసెప్టర్ పారాథైరాయిడ్‌లోనే కాదు, కిడ్నీలో టీఏఎల్ కణాలకి రక్తం వైపు గోడ మీద కూడా దండిగా ఉంటుంది. రక్తంలో కాల్షియం పెరిగిందని తెలియగానే క్లాడిన్-14ని పెంచి, 16, 19ల దారిని మూసేస్తుంది. పీటీహెచ్ చెప్పినా చెప్పకపోయినా టీఏఎల్ తన కాల్షియాన్ని వదిలేస్తుంది.

అంటే గడ్డ ఉన్నవాళ్ల నెఫ్రాన్‌లో, అదే ఆ వడపోత గొట్టంలో, రెండు ఆజ్ఞలు ఒకేసారి నడుస్తున్నాయి. టీఏఎల్ దగ్గర సీఏఎస్ఆర్ "వదిలెయ్" అంటుంది, డిస్టల్ ట్యూబ్యూల్ దగ్గర పీటీహెచ్ "పట్టుకో" అంటుంది. ఆ రెండిటి మధ్య తేలిన అంకె మూత్రంలో కనిపిస్తుంది.

అమ్మ_రిపోర్ట్_హైదరాబాద్

డాక్టర్ గారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను మెడికల్ కాదు. మా అమ్మకి 61 ఏళ్లు. మామూలు చెకప్‌లో కాల్షియం 11.8 వచ్చింది, పీటీహెచ్ కూడా ఎక్కువే ఉంది. పారాథైరాయిడ్ గడ్డ అయి ఉండొచ్చన్నారు. ఆపరేషన్‌కి ముందు 24 గంటల మూత్రం పరీక్ష చెయ్యాలన్నారు. రక్తంలో తేలిపోయాక మూత్రం దేనికని మా ఇంట్లో ఒకటే గొడవ. మీ చర్చ చదివితే ఏదో సంబంధం ఉన్నట్టుంది.

విశాఖ_నెఫ్రో_రెసిడెంట్

ఏమీ అనుకోమండీ, మీ ప్రశ్న సరిగ్గా ఇక్కడిదే. మీ డాక్టరుగారు చేస్తున్నది సరైన పని.

పుట్టుకతోనే ఆ సీఏఎస్ఆర్ సరిగ్గా పనిచెయ్యని కుటుంబాలు కొన్ని ఉంటాయి. కాల్షియం మామూలుగానే ఉన్నా తక్కువుందని పారాథైరాయిడ్ అనుకుంటుంది, టీఏఎల్ కూడా అలాగే అనుకుంటుంది. పీటీహెచ్ కాస్త ఎక్కువగా ఉంటుంది లేదా తగ్గాల్సినంత తగ్గదు. కిడ్నీ కాల్షియాన్ని వదలదు. రక్తం రిపోర్ట్ మాత్రమే చూస్తే అచ్చం గడ్డ ఉన్నట్టే ఉంటుంది. పేరు పొడుగు, ఎఫ్‌హెచ్‌హెచ్ అంటాం. వీళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు, మెడ కోసి గ్రంథులు తీసినా కాల్షియం తగ్గదు. అనవసరంగా ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కకుండా కాపాడేది ఆ మూత్రం పరీక్షే.

లెక్క ఇది: మూత్రంలో కాల్షియాన్ని రక్తంలో క్రియాటినిన్‌తో గుణించి, దాన్ని రక్తంలో కాల్షియం, మూత్రంలో క్రియాటినిన్‌ల లబ్ధంతో భాగించాలి. 0.01 కన్నా తక్కువైతే ఎఫ్‌హెచ్‌హెచ్ వైపు అనుమానం. 0.02 దాటితే గడ్డ వైపు. మధ్యలో వస్తే తేల్చి చెప్పలేం, జన్యు పరీక్ష దాకా వెళ్లాల్సి రావచ్చు.

ఒక్క మాట అడుగుతాను. అమ్మగారు బీపీకి ఏ మాత్ర వాడుతున్నారు? విటమిన్ డి చూశారా?

అమ్మ_రిపోర్ట్_హైదరాబాద్

బీపీ మాత్ర పేరు చివర 'హెచ్' అని ఉందండీ. టెల్మిసార్టాన్‌తో ఇంకోటేదో కలిపినది. విటమిన్ డి చూడలేదు.

విశాఖ_నెఫ్రో_రెసిడెంట్

ఆ 'హెచ్' హైడ్రోక్లోరోథయజైడ్ అయి ఉంటుంది. అది థయజైడ్ రకం, మూత్రం ఎక్కువ పోయించే మందు. థయజైడ్ మూత్రంలో కాల్షియాన్ని తగ్గిస్తుంది, రక్తంలో కాస్త పెంచుతుంది. దాని మీద ఉండగా పరీక్ష చేస్తే అంకె తప్పుదోవ పట్టిస్తుంది. విటమిన్ డి బాగా తక్కువున్నా అంతే, మూత్రంలో కాల్షియం తగ్గిపోయి ఎఫ్‌హెచ్‌హెచ్ లాగా కనిపిస్తుంది. మీరే ఆపేయకండి, డాక్టరుగారికి మాత్ర చీటీ చూపించి అడగండి. వేరే బీపీ మాత్రకి మార్చి, కొన్ని వారాలు ఆగి పరీక్ష చేయిస్తారు.

ఫార్మకాలజీ_పీజీ

థయజైడ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. చాలా పుస్తకాల్లో థయజైడ్ డిస్టల్ ట్యూబ్యూల్‌లోనే కాల్షియాన్ని వెనక్కి లాగుతుందని, సోడియం లోపలికి రావడం తగ్గి ఎన్‌సీఎక్స్1 వేగం పెరుగుతుందని రాస్తారు. కానీ పైన బయోకెమ్ గారు చెప్పిన టీఆర్‌పీవీ5 లేని ఎలుకలకి థయజైడ్ ఇచ్చినా మూత్రంలో కాల్షియం తగ్గింది! తలుపే లేనప్పుడు ఆ దారి ఎలా పనిచేస్తుంది? కాబట్టి ఎక్కువ భాగం ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌దే అని నేను నమ్ముతాను. ఉప్పు, నీళ్లు కొంచెం పోయాక శరీరం ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో సోడియాన్ని ఎక్కువగా లాగుతుంది, దాని వెంట కాల్షియం వస్తుంది.

ఫిజియాలజీ_టీచర్

దీర్ఘకాలం వాడేటప్పుడు మీరన్నదే బలంగా ఉంది. కానీ డిస్టల్ దారిని పూర్తిగా కొట్టిపారేయనండీ. ఎలుకకి ఒక దారి పుట్టుకనుంచే లేకపోతే ఇంకో దారి బలపడుతుంది, అది మనిషిలో అంతే బలంగా ఉందని చెప్పలేం. కాకినాడ బాబూ, వైవాలో రెండూ చెప్పు. ఎలుక సంగతి కూడా చెప్తే ఎగ్జామినర్ నీ మొహం వంక చూస్తారు.

వరంగల్_టీచరమ్మ

నేను సైన్స్ టీచర్ని కాదు, తెలుగు చెప్తాను. ఈ చర్చ మొత్తం చదివాను, ఎందుకంటే ఇది నా ఒంట్లో జరుగుతోంది.

థైరాయిడ్ మొత్తం తీసేశారు. ఆపరేషన్ అయిన మర్నాడు పెదాల చుట్టూ చీమలు పాకినట్టు, వేళ్ల చివర్లు తిమ్మిరి. నర్సు బీపీ చూడటానికి కఫ్ బిగించి అలా కాసేపు ఉంచేసరికి, నా చెయ్యి మణికట్టు దగ్గర వంగిపోయింది, వేళ్లన్నీ దగ్గరికొచ్చి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది. నేను విప్పుదామన్నా రాలేదు. ఆ భయం నాకు ఇప్పటికీ గుర్తే. పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నాయన్నారు. అప్పటినుంచి కాల్షియం మాత్రలు, కాల్సిట్రయోల్.

నా సందేహం ఇది. ల్యాబ్ కాగితం మీద 8.5 నుంచి 10.5 నార్మల్ అని ఉంటుంది. నా డాక్టరు నాకు ఎప్పుడూ 8, 8.5 దగ్గరే ఉంచుతారు. ఇంకొంచెం పెంచమంటే కిడ్నీలకి మంచిది కాదంటారు. ఎందుకో చెప్పేంత సమయం ఎవరికీ ఉండదు. కాల్షియం తక్కువుంటే నాకు వచ్చే తిమ్మిరి వాళ్లకి తెలియదు కదా అని కోపం వచ్చేది. ఇక్కడైనా చెప్తారా?

విశాఖ_నెఫ్రో_రెసిడెంట్

అమ్మా, తప్పకుండా. తమ్ముడు అడిగిన రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇదే.

మీకు పీటీహెచ్ లేదు. డిస్టల్ ట్యూబ్యూల్‌లో "పట్టుకో" అని చెప్పేవాళ్లు లేరు. మాత్రలతో, కాల్సిట్రయోల్‌తో పేగులోంచి కాల్షియాన్ని లోపలికి తెస్తున్నాం, కిడ్నీ దాన్ని ఆపకుండా వదిలేస్తోంది. 9.5 ఉన్న మామూలు మనిషి మూత్రంలో పోయేదానికన్నా, అదే 9.5 దగ్గర మీ మూత్రంలో చాలా ఎక్కువ పోతుంది. మిమ్మల్ని 9.5 దగ్గర నిలబెట్టాలంటే రోజూ అంత కాల్షియాన్ని కిడ్నీ గుండా పంపుతూనే ఉండాలి. కొన్నేళ్లకి రాళ్లు వస్తాయి, లేదా కిడ్నీ కండలోనే కాల్షియం పేరుకుని పని తగ్గుతుంది. అందుకే తిమ్మిర్లు రాకుండా ఉండే అతి తక్కువ అంకె దగ్గర ఆపుతారు. మీ డాక్టరు మీ కిడ్నీలని కాపాడుతున్నారు. కానీ మీకు తిమ్మిర్లు వస్తూనే ఉంటే ఆ అంకె మీకు చాలట్లేదని అర్థం, ఆ మాట గట్టిగా చెప్పండి.

మెగ్నీషియం ఒకసారి చూపించుకోండి. అది తక్కువుంటే కాల్షియం ఎంత మింగినా నిలవదు, ఏ కాస్త పారాథైరాయిడ్ మిగిలి ఉన్నా అదీ పనిచెయ్యదు. ఏడాదికోసారైనా 24 గంటల మూత్రంలో కాల్షియం, కిడ్నీ స్కాన్ గురించి అడగండి. మూత్రంలో మరీ ఎక్కువ పోతుంటే కొందరికి థయజైడ్ ఇస్తారు.

ఇంకో మాట, ఉప్పు. ఒక టీస్పూను ఉప్పు అదనంగా తింటే మూత్రంలో దాదాపు 40 మిల్లీగ్రాముల కాల్షియం అదనంగా పోతుంది. సోడియం వెంట కాల్షియం నడుస్తుందని మేడమ్ చెప్పింది ఇక్కడ కూడా పనిచేస్తుంది, సోడియం బయటికి పోతుంటే కాల్షియాన్ని కూడా తీసుకుపోతుంది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు మీ విషయంలో కాల్షియానికి కూడా శత్రువులే.

హార్మోన్‌నే ఇచ్చే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. రోజంతా నిలకడగా పీటీహెచ్ అందించే పాలోపెగ్‌టెరిపారటైడ్‌కి యూరప్‌లో 2023లో, అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. ఇలాంటి హార్మోన్ తిరిగి అందితే మాత్రల బరువూ తగ్గుతుంది, కిడ్నీ మళ్లీ కాల్షియాన్ని పట్టుకోవడం మొదలుపెడుతుంది.

వరంగల్_టీచరమ్మ

నాయనా, ఇంత కాలానికి ఒకరు కూర్చోబెట్టి చెప్పినట్టు చెప్పావు. చల్లగా ఉండు. పచ్చళ్ల మాట మాత్రం ఈ వేసవి నుంచే మొదలుపెడతాను.

పాత_కేసుల_పిచ్చి

నాకు ఈ విషయంలో చరిత్ర అంటే ప్రాణం, కొంచెం రాయనివ్వండి.

పారాథైరాయిడ్ గ్రంథిని మొదట చూసింది మనిషిలో కాదు, 1850 ప్రాంతంలో లండన్ జూలో చనిపోయిన మన భారతదేశపు ఖడ్గమృగంలో. రిచర్డ్ ఓవెన్ దాన్ని కోసి చూస్తూ గమనించాడు. మనుషుల్లో 1880లో స్వీడన్‌లో ఇవార్ సాండ్‌స్ట్రోమ్ అనే వైద్య విద్యార్థి వివరించాడు. 1925లో కెనడాలో కాలిప్ పారాథైరాయిడ్ సారాన్ని తీశాడు, అదే ఏడాది వియన్నాలో మాండల్ ఒక ట్రామ్ ఉద్యోగి మెడలోంచి గడ్డ తీశాడు. అదే 1925లో హార్వర్డ్‌లో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు, ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రచురించారు. పీటీహెచ్ ఫాస్ఫేట్‌ని మూత్రంలోకి పంపుతుందని మనం అనగలుగుతున్నామంటే ఫాస్ఫరస్‌ని నమ్మకంగా కొలవగలిగారు కాబట్టే. నాకు దాన్ని తలుచుకుంటే గర్వంగా ఉంటుంది.

ఇక కెప్టెన్ చార్ల్స్ మార్టెల్ కథ. ఓడ కెప్టెన్. ఎముకలు మెత్తబడి విరిగాయి, ఎత్తు ఏడంగుళాలు తగ్గిపోయింది, కిడ్నీలో రాళ్లు. 1926లో హైపర్‌పారాథైరాయిడ్ అని తేల్చారు. మెడలో వెతికారు, దొరకలేదు. మళ్లీ వెతికారు, మళ్లీ లేదు. చివరికి 1932లో బాస్టన్‌లో, ఏడో ఆపరేషన్‌లో, ఛాతీ లోపల దొరికింది. కొన్ని వారాలకే మూత్రనాళంలో ఇరుక్కున్న రాయి వల్ల వచ్చిన సమస్యలతో చనిపోయాడు. ఎముక నుంచి కరిగిన కాల్షియమంతా మూత్రంలోకే పోవాలన్న రెసిడెంట్ గారి మాట చదివినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

డయాలసిస్_నర్స్_శ్రీకాకుళం

మీరంతా పనిచేసే కిడ్నీ గురించి మాట్లాడుతున్నారు. మా దగ్గర ఉద్దానం నుంచి వచ్చేవాళ్లకి ఆ కిడ్నీయే లేదు. వాళ్ల పీటీహెచ్ రిపోర్టులు చూస్తే వందల్లో, కొందరికి వెయ్యి దాటి ఉంటుంది. ఒళ్లంతా దురద, ఎముకల నొప్పులు. కిడ్నీ పాడైతే ఈ హార్మోన్ ఎందుకంత పెరుగుతుందో మా పేషెంట్లు అడుగుతుంటారు. వాళ్లకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

ఫిజియాలజీ_టీచర్

అమ్మా, ముందు మీరు చేస్తున్న పనికి నమస్కారం.

కిడ్నీ పని తగ్గడం మొదలవగానే ఫాస్ఫేట్ పోవడం కష్టమవుతుంది. ఎముక కణాలు దాన్ని పసిగట్టి ఎఫ్‌జీఎఫ్23 అనే హార్మోన్ వదులుతాయి. అది క్లోథో అనే ప్రొటీన్ తోడుతో కిడ్నీ మీద పనిచేసి ఫాస్ఫేట్‌ని పంపిస్తుంది. కానీ ఇంకో పని కూడా చేస్తుంది, కాల్సిట్రయోల్ తయారుచేసే ఎంజైమ్‌ని తగ్గిస్తుంది. కిడ్నీ కణాలే తగ్గిపోతుండటంతో కాల్సిట్రయోల్ ఇంకా పడిపోతుంది. అది లేక పేగు కాల్షియాన్ని పీల్చుకోదు, కాల్షియం తగ్గబోతుంది. పారాథైరాయిడ్ మేలుకుని పీటీహెచ్‌ని పెంచుతుంది. ఆ పీటీహెచ్ వచ్చి చెప్పినా వినే డిస్టల్ ట్యూబ్యూల్‌ ఉండదు, ఫాస్ఫేట్‌ని పంపే ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌ ఉండదు. ఇక దాని మాట వినేది ఎముక ఒక్కటే. అందుకే ఎముక కరుగుతుంది.

పేషెంట్లకి ఇలా చెప్పండి: "మీ కిడ్నీ చెయ్యాల్సిన పని ఎముక మీద పడుతోంది. ఫాస్ఫేట్‌ని పట్టేసే మాత్ర అన్నంతోపాటే వేసుకుంటే ఆ భారం తగ్గుతుంది." అన్నం తిన్న రెండు గంటలకి వేసుకుంటే ఆ మాత్ర ఫాస్ఫేట్‌ని పట్టుకోలేదు, ఇది మాత్రం పదేపదే చెప్పండి.

డయాలసిస్_నర్స్_శ్రీకాకుళం

చాలామంది ఆ మాత్రని ఖాళీ కడుపుతో వేసుకుంటున్నారు మేడమ్, అసలు సమస్య అదే. రేపటి షిఫ్ట్ నుంచే ఒక్కొక్కరినీ అడుగుతాను.

ల్యాబ్_టెక్_గుంటూరు

హైదరాబాద్ అన్న కోసం, పరీక్ష చెడకుండా ఉండాలంటే. మొదలుపెట్టే రోజు పొద్దున లేవగానే పోసిన మూత్రం డబ్బాలో వెయ్యొద్దు, ఆ టైం మాత్రం రాసుకోండి. ఆ తర్వాతనుంచి ప్రతిదీ డబ్బాలోకే, మర్నాడు అదే టైంకి పోసింది కూడా. కాల్షియం అడుగున పేరుకోకుండా కొన్ని ల్యాబ్‌లు డబ్బాలో ముందే యాసిడ్ వేసి ఇస్తాయి. దాన్ని పారబొయ్యొద్దు, నేరుగా డబ్బాలోకి మూత్రం పోయొద్దు. మగ్గులో పట్టి మెల్లగా ఒంపండి, చిమ్మితే చర్మం కాలుతుంది.

రక్తం ఇచ్చేటప్పుడు చేతికి బిగించిన పట్టీ చాలాసేపు ఉంచితే కాల్షియం ఎక్కువ చూపిస్తుంది. పీటీహెచ్‌కి ఊదారంగు మూత ట్యూబ్ వాడతారు, అందులో ఉండే ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేస్తుంది. ఆ రక్తం పొరపాటున ఇంకో ట్యూబ్‌లో కలిస్తే కాల్షియం బాగా తక్కువ, పొటాషియం బాగా ఎక్కువ వస్తుంది. అలాంటి రిపోర్ట్ చూస్తే నేను ముందు శాంపిల్‌నే అనుమానిస్తాను.

అమ్మ_రిపోర్ట్_హైదరాబాద్

అందరికీ నమస్కారం. చాలా వారాలైంది. బీపీ మాత్ర మార్చారు, విటమిన్ డి తక్కువుంటే కొంత ఇచ్చారు, ఇప్పుడు బాగానే ఉందట. గుంటూరు తమ్ముడు చెప్పినట్టే మూత్రం పట్టాం. 24 గంటల్లో 1.7 లీటర్లు. మూత్రంలో కాల్షియం డెసిలీటరుకి 20, క్రియాటినిన్ 60. రక్తంలో కాల్షియం 11.8, క్రియాటినిన్ 0.8. డాక్టరుగారి దగ్గరికి సోమవారం వెళ్తాం. ఆ లెక్క ఒకసారి వేసి చెప్తారా?

మెడికో_కాకినాడ

అన్నా, నేను వేస్తాను. పైన 20ని 0.8తో గుణిస్తే 16. కింద 11.8ని 60తో గుణిస్తే 708. 16ని 708తో భాగిస్తే 0.0226. రోజుకి మూత్రంలో పోతున్నది 340 మిల్లీగ్రాములు. 0.02 దాటింది కాబట్టి ఎఫ్‌హెచ్‌హెచ్ కాదు, గడ్డ వైపే. సరేనా?

విశాఖ_నెఫ్రో_రెసిడెంట్

సరిగ్గా వేశావు. 340 అంటే రాళ్ల ముప్పు కూడా ఉన్న అంకె.

హైదరాబాద్ అన్నా, సోమవారం రెండు విషయాలు అడగండి. కిడ్నీ అల్ట్రాసౌండ్ ఒకటి, నొప్పి లేకుండా కూర్చున్న రాళ్లుంటే తెలుస్తాయి. ఎముక సాంద్రత పరీక్ష రెండోది, అందులో ముంజేతి ఎముక కూడా చూడమనండి, ఈ జబ్బులో అక్కడ ముందు పలచబడుతుంది. గడ్డ ఎక్కడుందో చూసే స్కాన్ ఆపరేషన్ చెయ్యాలని నిర్ణయించుకున్నాక సర్జన్‌కి దారి చూపించడానికే, అందులో ఏమీ కనిపించకపోయినా జబ్బు లేదని కాదు. అమ్మగారికి నీళ్లు బాగా తాగించండి. కాల్షియం ఎక్కువుందని పాలు, పెరుగు మాన్పించకండి. తిండిలో అది మరీ తగ్గితే పీటీహెచ్ ఇంకా పెరిగి, ఆ లోటు ఎముకలోంచి తీసుకుంటుంది.